పిల్లల బరువు తగ్గాలంటే ఇంటిల్లిపాదీ ఏం చేయాలి

మా పాపకు తొమ్మిదేళ్లప్పుడు మెడ వెనక నల్లగా ఒక చార కనిపించింది. మట్టి పట్టిందనుకున్నాను. స్నానం చేయించినప్పుడల్లా సబ్బు పెట్టి గట్టిగా రుద్దేదాన్ని. మెడ కందిపోయేది, పాప ఏడ్చేది, నలుపు మాత్రం ఇసుమంతైనా తగ్గేది కాదు. ఒకసారి జ్వరమొస్తే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ గొంతు చూడబోయి మెడ చూశారు. వేలితో ఒకసారి రాసి, "ఇది మురికి కాదమ్మా, ఇక రుద్దకండి" అన్నారు. మెడ మీద, చంకల్లో చర్మం ముఖమల్ గుడ్డలా మందంగా, నల్లగా మారడాన్ని అకాంథోసిస్ నైగ్రికన్స్ అంటారు. బరువు పెరిగిన పిల్లల్లో ఇన్సులిన్ చేయాల్సిన పని సరిగ్గా చేయలేక, ఒళ్లు దాన్ని ఇంకా ఇంకా తయారుచేస్తోందనడానికి అది ఆనవాలు.

ఆ సాయంత్రమే పాపకు విడిగా వండి, విడిగా కంచం పెట్టాను. తమ్ముడికి మామూలు భోజనం, అక్కకు "డైట్". రెండు నెలలు తిరక్కుండానే దాని పరుపు కింద చాక్లెట్ రేపర్లు దొరికాయి. ఒక్కోదాన్నీ గోరంత మడత పెట్టి, ఒకదాంట్లో ఒకటి దోపి దాచింది. ఆ మడతలు విప్పుతుంటే నా గుండె కలుక్కుమంది. దాచుకుని తినడం ఆ బిడ్డకు నేర్పింది నేనే.

ఆ పొరపాటు మీ ఇంట్లో జరగకూడదని ఇది రాస్తున్నాను. బరువున్నది ఒక్కరికే అయినా మారాల్సింది ఇల్లంతా. ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. అమెరికాలో లెనార్డ్ ఎప్‌స్టీన్ అనే శాస్త్రవేత్త కుటుంబాలను పదేళ్లపాటు గమనించి 1990లో ఫలితాలు ప్రకటించారు. తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి అలవాట్లు మార్చుకున్న ఇళ్లలో, పదేళ్ల తర్వాత కూడా పిల్లల అధిక బరువు మొదట్లో ఉన్నదానికంటే తక్కువగానే ఉంది. పోల్చి చూడటానికి పెట్టుకున్న మరో బృందంలో అది పెరిగింది. ఇజ్రాయెల్‌లో మోరియా గోలన్ ఇంకో అడుగు ముందుకేశారు. ఒక బృందంలో పిల్లలకే నేర్పారు, మరో బృందంలో పిల్లలను అసలు పిలవకుండా తల్లిదండ్రులకు మాత్రమే నేర్పారు. తల్లిదండ్రులకు నేర్పిన ఇళ్లలోనే పిల్లల బరువు బాగా తగ్గింది.

1. ముందు కొలవండి, కంటితో తేల్చకండి

బొద్దుగా ఉంటే ముద్దుగా ఉన్నారనుకునే కళ్లు మనవి. పైగా చుట్టుపక్కల పిల్లలందరూ లావెక్కుతుంటే మన పిల్లలు మామూలుగానే కనిపిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 5 నుంచి 19 ఏళ్ల లోపు వారిలో అధిక బరువున్నవాళ్లు 1990లో 8 శాతం ఉంటే, 2022 నాటికి 20 శాతం అయ్యారు. అంటే 39 కోట్ల మందికి పైగా. కాబట్టి పక్కింటి పిల్లాడితో పోల్చి తృప్తి పడకండి.

చెప్పులు విప్పించి, గోడకు ఆనించి నిలబెట్టి ఎత్తు చూడండి. పల్చటి బట్టలతో బరువు చూడండి. కిలోల్లో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంత తగ్గట్టుందో చూపే అంకె వస్తుంది. పెద్దవాళ్లకైతే ఒకటే గీత ఉంటుంది. పిల్లలకు అలా కుదరదు, వయసును బట్టి, ఆడా మగా తేడాను బట్టి గీత మారుతుంది. ఐదేళ్లు దాటినవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన చార్టులు ఉన్నాయి. వాటి ప్రకారం సరిగ్గా పదేళ్లు నిండిన అబ్బాయికి బీఎంఐ 18.5 దాటితే అధిక బరువు, 21.4 దాటితే ఊబకాయం. ఐదేళ్ల లోపు పిల్లలకు ఎత్తుకు తగ్గ బరువు చూపే వేరే చార్టు వాడతారు. లెక్క మీరు వేసుకున్నా, చార్టు మీద చుక్క పెట్టించడం డాక్టరు చేతే చేయించండి.

ఒక్క చుక్క కంటే చుక్కలను కలిపే గీత ఎక్కువ చెబుతుంది. పసిపిల్లల్లో ఏడాది దాటాక బీఎంఐ నెమ్మదిగా తగ్గుతూ వచ్చి, ఐదారేళ్ల వయసులో అట్టడుగుకు చేరి, అక్కడి నుంచి మళ్లీ పెరుగుతుంది. ఆ మలుపు ఐదేళ్లకు ముందే వచ్చేస్తే తర్వాత ఊబకాయం వచ్చే అవకాశం ఎక్కువ. మూడేళ్ల బిడ్డ బీఎంఐ ఎగబాకుతుంటే, పెరిగే వయసే కదా అని వదిలేయకండి.

ఇక్కడే ఇంకో మాట. బరువు పెరుగుతూ ఎత్తు మాత్రం ఆగిపోయినట్టు ఉంటే వెంటనే డాక్టరుకు చూపించండి. తిండి వల్ల లావైన పిల్లలు సాధారణంగా ఈడు పిల్లలకంటే కాస్త పొడుగ్గానే ఉంటారు. ఎత్తు పెరగకుండా బరువే పెరుగుతుంటే థైరాయిడ్ లాంటి హార్మోన్ల సమస్య ఉందేమో చూడాలి. పుట్టిన కొద్ది నెలలకే తీరని ఆకలితో, అంతులేని బరువుతో ఉండే పిల్లల్లో అరుదుగా జన్యు కారణాలుంటాయి. పెద్దగా గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే, విపరీతంగా దాహమేసి మాటిమాటికీ మూత్రానికి వెళ్తుంటే, తలనొప్పితో పాటు చూపు మసకబారుతుంటే ఆలస్యం చేయొద్దు. తొడ కీలులోనో మోకాలిలోనో నొప్పితో కుంటుతుంటే బరువు వల్ల తొడ ఎముక తల జారి ఉండొచ్చు. అది ఆ రోజే చూపించాల్సిన విషయం.

2. పెద్దవాళ్లు ముందు ఒక మాట మీదికి రండి

పిల్లలు పడుకున్నాక కూర్చోండి. అమ్మ, నాన్న, తాతయ్య, నానమ్మ, బిడ్డను చూసుకునే మనిషి, ఎవరెవరి చేతుల మీదుగా ఆ బిడ్డ నోట్లోకి తిండి వెళ్తుందో అందరూ. అమ్మ వద్దన్నది నానమ్మ కొంగు చాటున పెడితే పిల్లలకు అర్థమయ్యేది ఒకటే, ఎవరిని అడగాలో తెలిస్తే చాలని.

పెద్దవాళ్లను ఒప్పించడం మా ఇంట్లో అన్నిటికంటే కష్టమైంది. "ఎదిగే పిల్ల నోరు కడతావా?" అని మా అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వాదించి లాభం లేదని ఆవిడకో పని అప్పగించాను. "అత్తయ్యా, బడి నుంచి రాగానే పండ్లు కోసి పెట్టే బాధ్యత మీదే, మీ చేత్తో పెడితే కాదనరు" అన్నాను. పెట్టే చేతిని ఖాళీగా కట్టేస్తే ఆ ప్రేమకు దారి ఉండదు, ఎటో అటు పొర్లుతుంది. పెట్టాల్సిన పదార్థాన్ని మార్చండి చాలు.

"మా వంశమే అంత" అనే మాట కూడా ఆ రాత్రే తేల్చుకోండి. వంశపారంపర్యం నిజమే. ఆకలి, కడుపు నిండిన భావన ఒక్కొక్కరికి ఒక్కోలా ఉండటంలో జన్యువుల పాత్ర పెద్దది. అందుకే ఒకే ఇంట్లో ఒకే తిండి తిని ఒకరు సన్నగా, ఒకరు లావుగా ఉంటారు. అలాంటి బిడ్డకు ఇల్లు మరింత అనుకూలంగా ఉండాలి. పైగా సన్నగా ఉన్న తోబుట్టువుకూ ఇది నష్టం కాదు. ఎప్‌స్టీన్ బృందమే 2023లో ప్రచురించిన మరో పరిశోధనలో, అసలు చికిత్సలో లేని అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్లకూ కూడా మేలు జరిగినట్టు తేలింది.

ఆ సమావేశంలో ఒక నియమం రాసుకోండి: పిల్లల ఒంటి గురించి ఎవరూ మాట్లాడకూడదు. ముద్దుపేరుగా కూడా. మీ సొంత పొట్టను అద్దంలో చూసుకుని తిట్టుకోవడమూ అందులోకే వస్తుంది, పిల్లలు అది కూడా వింటారు. లావు గురించి ఇంట్లో వెక్కిరింపులు విని పెరిగిన పిల్లలు సన్నబడరు. కడుపు మాడ్చుకోవడం, ఆపై ఆపుకోలేక తినేయడం అలవాటై, చాలామంది ఇంకా బరువు పెరుగుతారు. మరి పిల్లలకు ఏం చెప్పాలి? "మనందరం బలంగా ఉండాలని ఇంట్లో కొన్ని అలవాట్లు మారుస్తున్నాం" అంటే చాలు. పాప తనే వచ్చి "నేను లావుగా ఉన్నానా?" అని అడిగితే, "ఛ, లేదు" అని కొట్టిపారేయకండి. ఎవరేమన్నారో అడగండి, పూర్తిగా వినండి.

3. ఇంట్లోకి వచ్చేదాన్ని మార్చండి

ఇంట్లో ఉంచి తినొద్దనడం పెద్దవాళ్లకే కష్టం, ఎనిమిదేళ్ల బిడ్డ వల్ల ఏమవుతుంది? లియాన్ బర్చ్, జెన్నిఫర్ ఫిషర్ 1999లో చేసిన ప్రయోగాల్లో, కళ్ల ముందే ఉంచి అందనివ్వని తినుబండారం మీదే పిల్లల మనసు మరింత లాగినట్టు చూపించారు. అందుకని కాపలా కాయడం మానేసి, కొనడం తగ్గించండి. చిప్స్, బిస్కెట్లు, చాక్లెట్లు అల్మారాలో నిల్వ ఉండే సరుకులు కాకూడదు. అప్పుడప్పుడూ అందరూ బయటికి వెళ్లినప్పుడు, తలా ఒకటి, దాపరికం లేకుండా తినండి. అసలే లేదంటే పరుపు కింద రేపర్లు చేరతాయి.

ఒక్కటే మార్చగల ఓపిక ఉంటే తాగేవాటితో మొదలుపెట్టండి. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. తొమ్మిది చెంచాల చక్కెర కొలిచి ఒక గిన్నెలో పోసి పిల్లలకు చూపించండి, మా వాడైతే నోరు తెరిచాడు. రోజు మొత్తం తిండిలో ఇలా కలిపిన చక్కెర నుంచి వచ్చే శక్తి 10 శాతం దాటకూడదని, 5 శాతంలోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఆ లెక్కలోకి పండ్ల రసమూ వస్తుంది, తేనె కూడా వస్తుంది. పండు నమిలి తింటే పీచు కడుపు నింపుతుంది, రసం గటగటా దిగిపోతుంది, ఆకలి మాత్రం తీరదు. ఇంట్లో తాగడానికి మంచినీళ్లు, మామూలు పాలు ఉంటే చాలు.

మిగతా తిండికి ఎప్‌స్టీన్ వాడిన ట్రాఫిక్ లైట్ పద్ధతి పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. కూరగాయలు, పండ్లు లాంటివి పచ్చ, ఎప్పుడైనా తినొచ్చు. రోజూ కావలసినా మోతాదు చూసుకోవలసినవి పసుపు. చక్కెర, నూనె నిండినవి ఎరుపు, ఎప్పుడో ఒకసారి. ఎరుపు రంగు తిండికే, తిన్న మనిషికి కాదని ఇంట్లో అందరికీ గుర్తుండాలి.

4. భోజనం దగ్గర ఎవరి పని వాళ్లు చేయండి

ఎల్లిన్ శాటర్ అనే ఆహార నిపుణురాలు చేసిన పని విభజన ఒకటుంది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అనేది పెద్దల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అనేది పిల్లల పని. వినడానికి తేలిక, పాటించడానికి కష్టం. "ఇంకొక్క ముద్ద" అనకుండా నోరు అదుపులో పెట్టుకోవడానికి నాకు నెలలు పట్టింది. కానీ ఆలోచించండి, కడుపు నిండిందని బిడ్డ చెబుతుంటే కాదని మనం తినిపిస్తే, కొన్నాళ్లకు ఆ బిడ్డ కడుపు చెప్పే మాట వినడం మానేస్తుంది. కంచం ఖాళీ చేయాలన్న షరతు ఈ రోజే తీసేయండి. మిగులుతుందన్న బాధ ఉంటే మొదటిసారి తక్కువ వడ్డించండి.

మళ్లీ మళ్లీ అడుగుతుంటే? కాదనకండి, కాస్త ఆగండి. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి కొంత సమయం పడుతుంది. చిన్న కంచాలు వాడండి, కూరగాయలు ముందు పెట్టండి, మాట్లాడుకుంటూ నెమ్మదిగా తినండి. పది పదిహేను నిమిషాల తర్వాత కూడా ఆకలంటే అది నిజమైన ఆకలి, పెట్టండి. ఎప్పుడు పడితే అప్పుడు కొరుక్కు తినే అలవాటు పోవాలంటే భోజనాలకు, మధ్యలో చిరుతిండికి వేళలు ఉండాలి. తర్వాత తిండి ఎప్పుడొస్తుందో తెలిసిన బిడ్డ నిబ్బరంగా ఉంటుంది.

కొత్త కూర తినలేదని ఒక్కసారికే వదిలేయకండి. నచ్చడానికి ఎనిమిది నుంచి పదిహేనుసార్లు రుచి చూడాల్సి రావొచ్చు. బలవంతం లేకుండా, ఒక చెంచా కంచంలో పెట్టి, మీరు ఇష్టంగా తినండి. "కూర తింటే చాక్లెట్ ఇస్తా" అనే బేరం మాత్రం వద్దు. కూర శిక్ష, చాక్లెట్ బహుమతి అని మనమే నేర్పినట్టవుతుంది. మార్కులొస్తే తీపి, ఏడిస్తే తీపి, ఇవీ అంతే. బహుమతిగా మీ సమయం ఇవ్వండి. మా పాప కోరుకున్న బహుమతి నాన్నతో ఒక సాయంత్రం సైకిల్ తొక్కడం.

భోజనం దగ్గర టీవీ, ఫోను ఉండకూడదు. పెద్దవాళ్ల ఫోను కూడా.

5. నిద్రను, స్క్రీన్‌ను కలిపి చూడండి

నిద్ర చాలని రోజు ఆకలి పెరుగుతుంది, అదీ తీపి మీద, నూనె మీద. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు 10 నుంచి 13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటలు, టీనేజీ పిల్లలకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. ఫోన్లన్నీ పడుకునే గది బయట ఛార్జింగ్‌కు పెట్టండి. రెండేళ్ల లోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు గంటకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అన్నం తినిపించడానికి ఫోను చేతిలో పెట్టే ఇళ్లలో బిడ్డ ఎంత తిన్నదీ బిడ్డకే తెలియదు.

6. వ్యాయామం అనకండి, ఆడుకోండి

ఐదేళ్లు దాటిన పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేలా ఆట కావాలి. ఒకేసారి గంట అక్కర్లేదు, ముక్కలుగా చేసుకోవచ్చు. లావుగా ఉన్న పిల్లలు జట్టు ఆటల్లో చివరగా పిలిపించుకుని నొచ్చుకుని ఉంటారు. అందుకే మొదట ఇంటివాళ్లే తోడు రావాలి. నడక, ఈత, తాడాట, డ్యాన్సు, బిడ్డకు ఏది ఇష్టమైతే అది. "నాలుగు రౌండ్లు పరిగెత్తితే గానీ తిండి లేదు" అంటే ఆట మీద జీవితాంతం విరక్తి పుడుతుంది. ఆట వల్ల తూకంలో పెద్దగా తేడా కనిపించకపోయినా గుండెకు, ఇన్సులిన్ పనితీరుకు మేలు జరుగుతూనే ఉంటుంది.

ఇంట్లో నెలల బిడ్డ ఉంటే పని ఇప్పుడే మొదలైంది. ఆరు నెలల వరకు తల్లిపాలే పట్టండి. కుదరక సీసాపాలు పట్టినా, బిడ్డ ముఖం తిప్పుకుంటే సీసా పక్కన పెట్టేయండి. ప్రతి ఏడుపూ ఆకలి ఏడుపు కాదు.

7. తూకాన్ని కాదు, అలవాట్లను లెక్కపెట్టండి

ఎదిగే పిల్లల విషయంలో మనకున్న గొప్ప వరం ఎత్తు. 134 సెంటీమీటర్ల ఎత్తు, 38 కిలోల బరువున్న బిడ్డ బీఎంఐ 21.2. ఏడాదిలో ఆరు సెంటీమీటర్లు పొడుగై, బరువు అదే 38 దగ్గర ఆగితే బీఎంఐ 19.4కు దిగుతుంది. ఒక్క గ్రాము కూడా తగ్గకుండానే. అందుకే చాలామంది చిన్నపిల్లలకు బరువు పెరగకుండా చూసుకుంటే సరిపోతుంది. బిడ్డను రోజూ తూకం ఎక్కించకండి. నెలకోసారి చాలు, ఆ అంకె మీ పుస్తకంలోనే ఉండనివ్వండి. ఫ్రిజ్ మీద అంటించేది వేరే పట్టిక: కలిసి ఎన్నిపూటలు తిన్నాం, ఎన్ని రోజులు ఆడాం, ఎన్ని రోజులు వేళకు పడుకున్నాం. అందులో నాన్న పేరు, అమ్మ పేరు కూడా ఉండాలి. మా ఇంట్లో అందరికంటే ఎక్కువ ఖాళీ గళ్లు నావే ఉండేవి. పాప అది చూసి, "అమ్మా, రేపు నేను నీతో వస్తా" అని నన్ను నడకకు లాక్కెళ్లేది.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. రెండు వారాలకు ఒక అలవాటు. పరీక్షలు, సెలవులు, పెళ్లిళ్లు వచ్చినప్పుడు గాడి తప్పుతుంది, మర్నాడు పొద్దున మళ్లీ ఎక్కండి.

8. ఇంటి పని సరిపోనప్పుడు

కొన్ని నెలలు నిజాయితీగా చేసినా చార్టులో గీత పైకే పోతుంటే మీ పెంపకాన్ని తిట్టుకోకండి, వైద్య సాయం పెంచండి. అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు వేచి చూడొద్దనే చెబుతున్నాయి. మూడు నుంచి పన్నెండు నెలల వ్యవధిలో కనీసం 26 గంటలు నిపుణులు కుటుంబంతో కూర్చుని నేర్పే కార్యక్రమం బాగా పనిచేస్తుందని వాటిలో ఉంది. పన్నెండేళ్లు దాటి ఊబకాయం ఉన్నవాళ్లకు మందులు, పదమూడేళ్లు దాటి తీవ్ర ఊబకాయం ఉన్నవాళ్లకు శస్త్రచికిత్స కూడా ఆలోచించవచ్చు. అవి ఇంటి అలవాట్లతో పాటు నడిచేవే, వాటి బదులు వచ్చేవి కావు. పిల్లలకు బరువు తగ్గించే పొడులు, మాత్రలు మీ అంతట మీరు కొనకండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పాత ఎత్తు బరువుల కాగితాలు, వారం రోజుల భోజనం, నిద్ర వేళలు రాసి పట్టుకెళ్లండి. బీపీ చూడమని, రక్తంలో చక్కెర, కొవ్వు, లివర్ పరీక్షలు అవసరమా అని అడగండి. బిడ్డ తలుపు దాటకముందే డాక్టరుతో ఒక మాట చెప్పుకోండి, తూకం అంకె బిడ్డ ముందు పైకి చదవొద్దని, బిడ్డను మందలించొద్దని. మెడ మీద నలుపు ఉంటే చూపించండి. బరువు దారిలో పడుతున్నకొద్దీ అది నెలల మీద నెమ్మదిగా పలచబడుతుంది, మా పాపకు ఏడాదికి పైనే పట్టింది. అంతవరకు స్నానం చేయించేటప్పుడు అక్కడ మెత్తగా కడిగితే చాలు.